ముప్పై ఆరో నంబరు బిళ్ల

'బిళ్ల' అనే మాట ఇంగ్లీషు 'బిల్లు' నుంచి వచ్చిందని ఆ మధ్య ఒక కుర్ర లెక్చరర్ నాతో వాదించాడు. వాడి మొహం! ముప్పై మూడేళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పినవాణ్ని, నాకే పాఠం చెప్పొచ్చాడు. అరవంలో విల్లై ఉంది, కన్నడంలో బిల్లె ఉంది. ఇంతమంది అక్కచెల్లెళ్లున్న మాటని తీసుకెళ్లి దొరలింట్లో పుట్టిందంటే నేను ఊరుకుంటానా? చదునుగా, కాస్త గుండ్రంగా ఉన్నదేదైనా మనకు బిళ్లే. మందుబిళ్ల, సబ్బుబిళ్ల, కర్పూరం బిళ్ల, రూపాయి బిళ్ల, ఆడపిల్లల జడబిళ్ల. పిల్లలు ఒంటికాలి మీద గెంతుతూ తన్నే పెంకుముక్క కూడా బిళ్లే. కచేరీ జవాను ఛాతీ మీద ఇత్తడి రేకు తగిలించుకుంటే అదీ బిళ్ల అయింది, అతను బిళ్లబంట్రోతు అయ్యాడు. హిందీవాళ్లు కూడా బిల్లా అంటారు. ఎవరి దగ్గర ఎవరు తీసుకున్నారో నేను తేల్చలేకపోయాను. తేలనిదాన్ని తేలలేదని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

ఈ పాండిత్యమంతా ఎందుకు విప్పానంటే, ఒక్క మాట గురించి నాకు ఇంత తెలుసు. ఆ బిళ్లని చేతికి కట్టుకుని నలభై ఏళ్లు బతికిన మనిషికి మాత్రం నేను చేసిన మేలు సున్నా. సున్నా అయినా బాగుండేది.

అతని పేరు ఎజ్రా. మా స్టేషన్లో పోర్టరు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మధ్య ఆ లైన్లో ఉన్న చిన్న స్టేషన్లలో మాదొకటి, పేరు చెప్పను. ఎక్స్‌ప్రెస్‌లు రెండో మూడో ఆగుతాయి. ఆమదాలవలస బియ్యం బస్తాలు, పొందూరు బట్టల మూటలు, పెళ్లివారి సామాన్లు, ఇవి దిగేవి, ఎక్కేవి. ఒకప్పుడు అక్కడ పన్నెండు మంది పోర్టర్లు. ఇప్పుడు ముగ్గురు. పెట్టెలకు చక్రాలు పెట్టినవాడెవడో గాని, వాడి కడుపు చల్లగా ఉండాలి. పసిపిల్లలు కూడా గరగరమని లాక్కుపోతున్నారు.

నేను రోజూ పాసింజరెక్కి బడికి వెళ్లేవాణ్ని. ఆ బండి ఏనాడూ వేళకు వచ్చిన పాపాన పోలేదు కనుక, ప్లాట్‌ఫారం మీద సిమెంటు బల్ల నాకు రెండో ఇల్లు. మన ఉత్తరాంధ్ర మాటలు ఏరి ఒక నోటుపుస్తకంలో రాసుకోవడం నాకున్న పిచ్చి. పక్కన ఎవరు కూర్చున్నా అడుగుతాను. ఎజ్రాని కూడా అలాగే అడిగాను, ఇరవై అయిదేళ్ల కిందట.

"ఎజ్రా, బిళ్ల అంటే ఏమిటి నీ లెక్కలో?"

అతను ఎర్ర చొక్కా చెయ్యి పైకి మడిచి, దండచేతికి తోలుపట్టీతో కట్టిన ఇత్తడి బిళ్లని చూపించాడు. "బిళ్లంటే ఏటి మేస్టారూ? బిళ్లంటే బువ్వ. ఇంకేటుంటాది?"

రాసుకున్నాను. ఏ నిఘంటువులోనూ ఆ అర్థం లేదు.

అప్పుడే వాళ్ల నాన్న కథ చెప్పాడు. ఆయన పేరు దానియేలు. పక్క ఊళ్లో ఒక కామందు దగ్గర కంబారిగా ఉండేవాడు, అంటే ఏడాది పొడుగునా ఆ ఇంటి పొలం పనికి కట్టుబడిన మనిషి. మిషను పాదిరిగారు ఆ పేరు పెట్టారు గాని, అది చర్చి గుమ్మం దాటి బయటికి వచ్చేది కాదు.

"ఊర్లో మా నాయిన్ని పేరెట్టి పిలిసినోడు లేడు మేస్టారూ. 'ఒరే' అనీవోరు. కోపమొస్తే కులం పేరు. స్టేషనుకొచ్చి బిళ్ల కట్టినాక, మొదటి రోజు ఎవరో బాబు 'ముప్పయ్యారూ, ఇటు రా' అన్నాడంట. ఇంటికొచ్చి మా అమ్మకి సెప్పి ఏడిసినాడంట."

"నంబరు పెట్టి పిలిస్తే ఏడుపెందుకయ్యా?"

"సంతోసంతోటి మేస్టారూ. నంబరుకి కులం నేదు గదా."

ఆ మాటని నోటుపుస్తకంలో రాసుకుని కింద గీత గీశాను.

ఆ బిళ్ల ఎజ్రా చేతికి ఎలా వచ్చిందో కూడా ఆనాడే విన్నాను. ఎనభై మూడులో దానియేలు పెట్టె నెత్తిన పెట్టుకుని వంతెన మెట్ల మీద జారిపడ్డాడు, నడుము పోయింది. మర్నాడు తెల్లవారక ముందే ఎజ్రా తల్లి, మంచం మీద పడుకున్న మొగుడి చేతి నుంచి బిళ్ల విప్పి, ఇరవై ఏళ్ల కొడుకు చేతికి కట్టి "ఎల్లు, మెయిలొస్తాది" అంది. అంతే. అప్పటి స్టేషను మాస్టరు చూసి "ఓహో, కొత్త ముప్పయ్యారా" అని నవ్వి తన పని తాను చూసుకున్నాడట. మా పోర్టర్లలో అదే వాడుక. బిళ్ల ఇంట్లోంచి బయటికి పోకూడదు, చెయ్యి మాత్రం మారుతుంది. తరవాత మిగతావాళ్లు ఒక్కొక్కరే ఆఫీసుకు పోయి కాగితం రాయించుకున్నారు. ఎజ్రా రాయించుకోలేదు. ఏటేటా ఫీజు కడితే రసీదు మీద నంబరు వేసేవారు, పేరు అడిగినవాడు లేడు. బిళ్ల చేతి మీద ఉండగా ఇంక కాగితం దేనికి అనుకున్నాడు.

ఎజ్రా భార్య బేబీ. నోరు పెట్టుకుని బతికే మనిషి, మనసు వెన్న. పెళ్లయిన కొత్తలో అత్తగారు ఆమెకు అప్పజెప్పిన పని ఒకటుంది. శనివారం సాయంత్రం బిళ్ల తోమాలి. చింతపండు, పొయ్యిలో బూడిద, కొబ్బరిపీచు. ఎందుకంటే ఆదివారం ఎజ్రా తెల్లచొక్కా వేసుకుని, దాని మీద ఆ బిళ్ల కట్టుకుని బాప్టిస్టు చర్చికి వెళ్లేవాడు. వేరేవాళ్లు వాచీలు పెట్టుకొచ్చేవారు, ఇతను బిళ్ల కట్టుకొచ్చేవాడు. పాదిరిగారు ఒకసారి "ఎజ్రా, పరలోకానికి కూడా ఇది కట్టుకునే వస్తావా?" అని వేళాకోళం చేస్తే, "అక్కడ మూటలుంటే కట్టుకునే వస్తానయ్యగారూ" అన్నాడట.

అత్తా కోడళ్లు కలిసి అరవై ఏళ్లు తోమారు. ఆ బిళ్ల బంగారంలా మెరిసేది. మెరుస్తూ మెరుస్తూ దాని మీద అంకెలు పలచబడ్డాయి. నేను చూసిన తొలి రోజుల్లో ముప్పై ఆరు కనిపించేది. తరవాత ఆరు పోయింది. ఆ తరవాత మూడు కూడా పోయింది. ఎవరూ పట్టించుకోలేదు, నేను కూడా పట్టించుకోలేదు. స్టేషనంతా అతన్ని ముప్పయ్యారు అనే పిలిచేది కదా.

వాళ్లకు ఒక్కతే కూతురు, ఝాన్సీ. అల్లుడు విశాఖపట్నంలో సెంట్రింగ్ పనికి పోయి పైనుంచి పడి చనిపోయాడు. ఇద్దరాడపిల్లల్ని తీసుకుని ఝాన్సీ పుట్టింటికి వచ్చేసింది. పలాస వైపు జీడిపిక్కల షెడ్డులో పనికి కుదిరింది. జీడిపిక్క కొట్టేటప్పుడు దాని రసం చేతికి తగిలితే చర్మం కాలిపోతుంది. నూనె, బూడిద రాసుకున్నా ఆగదు. ఆర్నెల్లకే ఆ పిల్ల వేళ్లు మసిబొగ్గులయ్యాయి, చివర్లు చిట్లిపోయాయి. అన్నం కలుపుకోలేక చెంచాతో తినేది. పిల్లలు జడ వేయమంటే వాళ్ల అమ్మమ్మ దగ్గరికి పొమ్మనేది.

ఇంతలో ఎజ్రా భుజం పోయింది. కుడిచెయ్యి చెవిదాకా లేవదు. పెద్దాసుపత్రిలో చూసి, నరం తెగింది, ఇంక బరువు ఎత్తవద్దన్నారు. అప్పుడు తండ్రీకూతుళ్లు ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఝాన్సీ షెడ్డు మానేసి స్టేషనుకు వచ్చేది. బిళ్ల తండ్రి చేతికి, బరువు కూతురి నెత్తికి. ఎర్రచొక్కా వేసుకున్న ఎజ్రా ఖాళీ చేతులతో ముందు నడిచేవాడు, వెనకాల ఝాన్సీ పెట్టెలు మోసుకుని వచ్చేది. ఎవరైనా అడిగితే "మా గుంటే బాబూ, సాయానికొచ్చింది" అనేవాడు. చెప్పేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకునేవాడు. ఝాన్సీకి మాత్రం అది సరదాగా ఉండేది. "మేస్టారూ, జీడిపిక్క కంటే సూట్‌కేసు నయం, కాలదు" అని నవ్వేది. రెండు నెలల్లో వేళ్లకు కొత్త చర్మం వచ్చింది. ఒకరోజు నాకు చేతులు చూపించింది కూడా.

అలా ఉండగా నోటీసు వచ్చింది. పోర్టర్లందరూ ఫలానా రోజున బిళ్ల, లైసెన్సు కాగితం తీసుకుని హాజరు కావాలి. పాత ఇత్తడి బిళ్లలు తీసుకుని కొత్త కార్డులు ఇస్తారు. పనిచేయలేని స్థితిలో ఉన్నవాళ్లు ఆరోజే తమ బిళ్లని ఇంట్లోవాళ్లకు మార్పించుకోవచ్చు. ఎజ్రా ఇంట్లో పండగే. బేబీ అయితే "నా కూతురు ఆడ పోర్టరవుతాదే!" అని పేట పేటంతా చాటింది. ఆ బిళ్ల ఝాన్సీ పేరు మీద పడితే ఆ పిల్ల మళ్లీ జీడి షెడ్డు గుమ్మం తొక్కనక్కర్లేదు. వాళ్లకు కావలసింది అంతకంటే ఇంకేమీ లేదు.

ఆరోజు నేను లేను. సాయంత్రం ఎజ్రా మా ఇంటికి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"మేస్టారూ, బిళ్ల మీద ఏటీ నేదంటన్నాడు ఆఫీసరు."

"అదేమిటి?"

"నంబరేదీ అన్నాడు. సూపించినాను. వేలెట్టి రుద్ది సూసినాడు. అద్దంలాగున్నాది గాని నంబరు నేదన్నాడు. కాగితమేదీ అన్నాడు. తిత్లీ గాలికి ఇంటి కప్పుతోటి పోనాది బాబూ అన్నాను."

అది నిజమే. ఆ తుపానుకి వాళ్ల రేకులు ఎగిరిపోయి, ట్రంకుపెట్టె నిండా నీళ్లు. దానియేలు పేరున్న పాత కాగితం, రసీదులు, రేషను కార్డు, పెళ్లి ఫొటో, అన్నీ ముద్దయిపోయాయి.

"ఇంకేమన్నాడు?"

"మంచోడే మేస్టారూ. కసురుకోనేదు. ఈ బిళ్ల నీకెలగొచ్చింది, ఎప్పట్నుంచి కడతన్నావు, ఓ కాగితం మీద రాసి, నలుగురి సంతకాలెట్టించి సోమారం తెచ్చీ అన్నాడు. సూద్దారి అన్నాడు."

రాయడం! నా ప్రాణం లేచి వచ్చింది. ఇన్నాళ్లకి నా విద్య ఒకరికి పనికొస్తుంది. "నువ్వు నిశ్చింతగా ఇంటికి పో ఎజ్రా, నేను చూసుకుంటాను" అన్నాను. రెండు రోజులు తిండి ధ్యాస లేదు. మా ఆవిడ రాజకుమారి "ఏటండీ, మహాభారతం రాస్తన్నారా?" అని దెప్పింది. నాలుగు పేజీలు రాశాను. బిళ్ల అనే మాటతో మొదలుపెట్టాను, అక్కడి నుంచి దానియేలు దగ్గరికి వచ్చాను. కామందు పొలం, పాదిరిగారు పెట్టిన పేరు, నంబరుకి కులం లేదన్న మాట, వంతెన మెట్లు, ఆ తెల్లవారుజామున తల్లి కొడుకు చేతికి బిళ్ల కట్టడం, ఆ తరవాత కాగితం ఎన్నడూ మార్పించుకోకపోవడం. ఒక్కటి వదల్లేదు. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు కూడా ఆ మాటే అంటాను, చెప్పుచ్చుకు కొట్టినా అంటాను.

ఆదివారం వాళ్ల ఇంటికి వెళ్లి చదివి వినిపించాను. ఎజ్రా కళ్లు తుడుచుకున్నాడు. "మా నాయిన గురించి ఇంత మర్యాదగా ఎవులూ సెప్పనేదు మేస్టారూ" అన్నాడు. బేబీ ముక్కు చీదుకుంటూ లోపలికి పోయి టీ పెట్టింది.

ఝాన్సీ ఒక్కతే గోడకు ఆనుకుని ఆలోచిస్తోంది. "మేస్టారూ, ఏటీ అనుకోకండి. తాత సంగతి రాయడం అవసరమా? నాన నలభై ఏళ్లబట్టి మోస్తన్నాడు, బిళ్ల నానదే అని రాసేస్తే సాలదేటి?"

నాకు చిర్రెత్తింది. పదో తరగతి తప్పిన పిల్ల నా రాతకు వంక పెడుతుందా? "మొదలు చెప్పకుండా అర్థం ఎలా తెలుస్తుందే? ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తేనే దానికి విలువ. నీకు తెలీదు, ఊరుకో" అన్నాను.

"మేస్టారికి తెలవదా, నువ్వూరుకోయే" అని ఎజ్రా కూడా కసిరాడు. ఆ పిల్ల ఊరుకుంది.

తెలిసినవాళ్లు నలుగురి చేత సంతకాలు పెట్టించి, సోమవారం ఎజ్రా, బేబీ, ఝాన్సీ, నేను ఆ ఆఫీసుకి వెళ్లాం. నేను ఇస్త్రీ పంచె కట్టుకున్నాను. గుమాస్తా చినబాబు కాగితాలు తీసుకుని ముద్ర కొట్టి, నంబరు వేసి, లోపలికి పంపాడు. ఆఫీసరుకి నలభై ఏళ్లుంటాయి, కళ్లజోడు, మెత్తటి మనిషి. నన్ను కుర్చీలో కూర్చోమన్నాడు. నాలుగు పేజీలూ చదివాడు. మూడో పేజీ దగ్గర ఆగి, వెనక్కి వెళ్లి మళ్లీ చదివాడు.

"ఇది రాసింది మీరేనా సార్?"

"నేనే. నరసింగరావు. రిటైర్డు తెలుగు పండితుణ్ని."

"చాలా బాగా రాశారండి. ఇంత మంచి తెలుగు చదివి ఎన్నాళ్లయిందో."

నేను పొంగిపోయాను. దేవుడా, ఆ క్షణంలో నేను నవ్వాను కూడా. ఎజ్రా వైపు చూసి, చూశావా అన్నట్టు తల ఊపాను.

ఆఫీసరు బల్ల మీదున్న పాత రిజిస్టరు తెరిచి నా వైపు తిప్పాడు. "చూడండి. ముప్పై ఆరు దగ్గర పేరు లేదు. చెమ్మకి సిరా పాకిపోయింది, ఒక్క అక్షరం కూడా తెలియడం లేదు. ఇది నాకు మొన్ననే తెలుసు. స్టేషన్లో అందరూ ఈయన్నే ముప్పై ఆరు అంటున్నారు, నాకూ నమ్మకం కుదిరింది. ఈయన తన పేరు, ఎన్నేళ్ల నుంచి చేస్తున్నదీ రాసిస్తే దాన్నే ఆధారం చేసుకుని ఇక్కడ ఈయన పేరు రాసేద్దామనుకున్నాను. అందుకే స్టేట్‌మెంటు అడిగాను."

"మరి రాయండి" అన్నాను.

"ఎలా రాయను సార్? లైసెన్సు తండ్రిదని, ఈయన పేరు మీదికి ఎన్నడూ మారలేదని మీరే రాశారు. తేదీతో సహా రాశారు. అంటే ఈయన నలభై ఏళ్లు లైసెన్సు లేకుండా పనిచేసినట్టు. లేని లైసెన్సుని కూతురికి ఎలా మార్చను?"

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. అంత బలంగా మందు వేసినవాణ్ని నేనే.

"ఆ కాగితం ఇటివ్వండి. చింపేస్తాను. రెండు ముక్కల్లో ఇంకోటి రాసిస్తాను."

"ముద్ర పడింది సార్. లెక్కలోకి ఎక్కింది. చదివేశాను కూడా."

"ఇన్నేళ్లూ ఫీజు తీసుకున్నారు కదా! అప్పుడు గుర్తులేదా ఎవరి పేరో?" అని అరిచాను.

"రసీదులున్నాయా?" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచితే నేనూ పెంచేవాణ్ని, ఎక్కడో ఒకచోట తేలేది. "నా చేతిలో ఉంటే చేసేవాణ్ని సార్" అన్నాడు. అతని ముఖం చూస్తే నిజమే చెబుతున్నాడనిపించింది. అది ఇంకా ఘోరం. తిట్టడానికి కూడా మనిషి దొరకలేదు.

ఎజ్రాకి సగం అర్థమైంది, సగం కాలేదు. ముందుకు వచ్చి చేతులు జోడించాడు. కుడిచెయ్యి పూర్తిగా లేవలేదు. "బాబూ, గుంటకి ఇవ్వకపోతే పోనీండి. నా కాడైనా ఉంచండి. మూటలు మోయను. ఊరికే కట్టుకుంటాను."

"ఉంచకూడదు పెద్దాయనా. ఇక్కడ అప్పగించాలి."

ఎడమచేతికి ఉన్న పట్టీని అతను కుడిచేత్తో విప్పలేకపోయాడు. నేను లేచి విప్పబోయాను గాని ముడి దొరకలేదు. చివరికి ఝాన్సీ వచ్చి విప్పింది. పట్టీతో సహా బల్ల మీద పెట్టి, తండ్రి చొక్కా చెయ్యి కిందికి దింపి సరిచేసింది. గుమాస్తా దాన్ని ఒక అట్టపెట్టెలో వేశాడు. అందులో అప్పటికే ఇంకా కొన్ని బిళ్లలున్నాయి, వాటి మీద నంబర్లు చక్కగా కనబడుతున్నాయి. వాళ్లెవరూ తోమలేదు కాబోలు.

బయటికి వచ్చాక నలుగురం రోడ్డు మీద నిలబడ్డాం. ఎండ మాడిపోతోంది. ఎజ్రా నా భుజం మీద చెయ్యి వేశాడు. పాతికేళ్లలో అతను నన్ను ముట్టుకోవడం అదే మొదలు.

"మీరు అబద్దం రాయనేదు గదా మేస్టారూ. ఉన్నదే రాసినారు. మీ తప్పేటున్నాది?"

నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. ఝాన్సీ నోట ఆ దేవుడు ముందురోజే చెప్పించాడు. నేను 'ఊరుకో' అన్నాను. ఒక్క వాక్యం కొట్టేస్తే పోయేది. ఒకే ఒక్క వాక్యం. తల్లి కొడుకు చేతికి బిళ్ల కట్టిన ఆ వాక్యం నాకు ముద్దొచ్చింది.

తరవాత నెల రోజులు నేను తిరగని ఆఫీసు లేదు. నా పాత శిష్యుల్లో ఇద్దరు పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు. ఒకడు ఫోన్లో "చూద్దాం మాస్టారూ" అన్నాడు, తరవాత ఫోను ఎత్తలేదు. రెండోవాడు ఎత్తి, ఆ స్టేట్‌మెంటు ఫైల్లో ఉన్నంతకాలం ఎవరూ ఏమీ చేయలేరని తేల్చి చెప్పాడు. యూనియను ఆయన నాలుగు పేజీలూ చదివి, నా వైపు పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. ఏ గుమ్మం తొక్కినా నా రాతే నాకు ఎదురొచ్చింది.

ఎజ్రా ప్లాట్‌ఫారం మీదికి రావడం మానేశాడు. ఒకటి రెండుసార్లు వచ్చి సిమెంటు బల్ల మీద కూర్చుంటే, కొత్తగా వచ్చిన పోలీసు టికెట్ చూపించమన్నాడట. నలభై ఏళ్లలో ఆ మాట అతన్ని అడిగినవాడు లేడు. ఝాన్సీ పొద్దున్నే పాసింజరుకి పలాస వెళ్తోంది. ఒకరోజు కిటికీలోంచి నన్ను చూసి "నమస్తే మేస్టారూ" అంది. మామూలుగానే అంది, కోపంగా అంటే బాగుండును. కిటికీ కడ్డీ పట్టుకున్న వేళ్లు మళ్లీ నల్లబడ్డాయి.

మొన్న ఆదివారం ధైర్యం చేసి వాళ్లింటికి వెళ్లాను. చర్చి నుంచి అప్పుడే వచ్చారు. ఎజ్రా తెల్లచొక్కా మీదే ఉన్నాడు. మనవరాళ్లిద్దరూ వాకిట్లో గీతలు గీసి తొక్కుడుబిళ్ల ఆడుకుంటున్నారు. ఝాన్సీ లోపల చాప మీద పడుకుని నిద్రపోతోంది. రెండు చేతులూ పక్కకు, అరచేతులు పైకి పెట్టి, దేనికీ తగలకుండా.

బేబీ నాకు స్టూలు వేసింది. టీ ఇచ్చింది. చీపురు అందుకుని, ఊడ్చిన చోటే మళ్లీ ఊడవసాగింది. బేబీ మాట్లాడకుండా ఉండడం నేను ఎన్నడూ చూడలేదు. నేనే అందుకున్నాను. ఇంకా పైన ఒక ఆఫీసుందని, అక్కడికి అప్పీలు పెట్టుకోవచ్చని, ఈసారి జాగ్రత్తగా, అవసరమైనంత వరకే రాస్తానని, కాగితం కూడా తెచ్చానని చెప్పాను. జేబులోంచి పెన్ను తీశాను.

బేబీ చీపురు పక్కన పెట్టి నా ముందు నేల మీద కూర్చుంది. నా కాళ్లకు తగిలేంత దగ్గరగా వంగి దండం పెట్టింది. నేను గాభరాగా లేచిపోయాను.

"మేస్టారూ, మీరు పెద్దోరు, సదువుకున్నోరు. మీకు దండమెడతాను. మా గురించి ఇంకేటీ రాయకండి."

"ఒసే, ఏటే ఆ మాటలు, మేస్టారితోటి?" అన్నాడు ఎజ్రా. అన్నాడే గాని, నావైపు చూడలేదు. రాయమని కూడా అనలేదు.

పెన్ను జేబులో పెట్టుకున్నాను. టీ చల్లారిపోయింది, అయినా తాగాను. వస్తానమ్మా అంటే, మంచిది బాబూ అంది. ఇంటికి వచ్చి రెండు రోజులు నోటుపుస్తకం ముట్టుకోలేదు. బేబీ అడిగింది ఆ ఒక్కటే. అది కూడా నా వల్ల కాలేదు. నాకు ఇంకే పనీ చేతకాదు, కూర్చుని ఇది రాశాను.